నల్లగండ్లలో ఉంటాం, భీమవరం వెళ్లివస్తుంటాం: కాంపాక్ట్ లగ్జరీ ఎస్‌యూవీ తీసుకోవాలా, మిడ్‌సైజ్ తీసుకోవాలా?

భీమవరం కోడలు:
అందరికీ నమస్కారం. మేం హైదరాబాద్ నల్లగండ్లలో ఉంటాం. పాత క్రెటా అమ్మేసి కొంచెం మంచి కారు తీసుకుందామనుకుంటున్నాం. రోజూ నడిపేది నేనే. గచ్చిబౌలిలో ఆఫీసు, వచ్చేటప్పుడు పిల్లల్ని స్కూలు నుంచి తీసుకురావాలి. పెద్దాడికి తొమ్మిదేళ్లు, చిన్నదానికి నాలుగు. అత్తయ్యగారు, మావయ్యగారు భీమవరంలో ఉంటారు. పండగలకి మేం వెళ్తాం, మధ్యలో వాళ్లు వచ్చి కొన్నాళ్లు ఉంటారు. మావయ్యగారికి మోకాలి ఆపరేషన్ అయింది, కాలు ఎక్కువసేపు మడిచి కూర్చోలేరు.

ఆన్‌రోడ్ 60 లక్షల దాకా ఇబ్బంది లేదు. లోన్ పెంచితే 90 దాకా వెళ్లొచ్చు. చిన్నవాటిలో బీఎండబ్ల్యూ ఎక్స్1, మెర్సిడెస్ జీఎల్ఏ, ఆడి క్యూ3 చూస్తున్నాం. పెద్దవాటిలో ఎక్స్3, జీఎల్‌సీ, క్యూ5, వోల్వో ఎక్స్‌సీ60. మా ఆయన మనసు ఎక్స్3 మీద ఉంది. నాకేమో మా సెల్లార్ పార్కింగ్‌లో స్తంభాలు గుర్తొస్తున్నాయి. 30 లక్షలు ఎక్కువ పెడితే నిజంగా అంత తేడా తెలుస్తుందా? వాడుతున్నవాళ్లు చెప్పండి.

ఓఆర్ఆర్ 158:
తెలుస్తుంది మేడమ్. ఇది సైజు ఒక్కదాని తేడా కాదు. ఎక్స్1 ముందు చక్రాలతో నడిచే ప్లాట్‌ఫామ్ మీద కట్టిన కారు. మినీ కంట్రీమన్ కూడా అదే కుటుంబం. ఎక్స్3 ఇంజన్ నిలువుగా ఉంటుంది, బలం ప్రధానంగా వెనక చక్రాలకి వెళ్తుంది, అవసరమైతే నాలుగింటికీ పంచుతుంది. మెర్సిడెస్‌లోనూ అంతే. జీఎల్ఏ ఏ-క్లాస్ పక్కన పుట్టింది, జీఎల్‌సీ సీ-క్లాస్ పక్కన పుట్టింది. పేర్లు దగ్గరగా ఉన్నాయని ఒకే కారుకి చిన్న సైజు, పెద్ద సైజు అనుకోకూడదు.

మన దగ్గర ఎక్స్1 పెట్రోలులో 1.5 లీటర్ల మూడు సిలిండర్ల ఇంజన్, 136 హార్స్‌పవర్. 100 అందుకోవడానికి 9.2 సెకన్లు. 2025 జనవరిలో వచ్చిన కొత్త ఎక్స్3 పెట్రోలు 2 లీటర్లు, నాలుగు సిలిండర్లు, 190 హార్స్‌పవర్, 7.8 సెకన్లు. డీజిల్ అయితే 197. ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద 120 లిమిట్ ఉన్న లేన్లలో ఐదుగురితో, ఏసీతో వెళ్తుంటే ఆ తేడా కాలి కిందే తెలుస్తుంది. పెద్ద కారులో అదే వేగానికి ఇంజన్ శ్రమపడుతున్నట్టు ఉండదు. పెద్దవాళ్లకి అలసట తక్కువ. డబ్బు సర్దుబాటు అవుతుందంటే ఎక్స్3కే నా ఓటు.

కారు లెక్కలు:
డబ్బు సర్దుబాటు సంగతి ముందు చూద్దాం. చాలామంది ఎక్స్-షోరూమ్ ధరల (టాక్స్, ఇన్సూరెన్స్ కలపనివి) మధ్య తేడా చూసి ఆగిపోతారు. తెలంగాణలో లైఫ్ టాక్స్ 2025 ఆగస్టులో పెరిగింది. 20 నుంచి 50 లక్షల మధ్య కారుకి 20%, 50 దాటితే 21%. లెక్క సులువుగా ఉండటానికి ఒక కారు 50 లక్షలు, ఇంకోటి 75 లక్షలు అనుకోండి. మొదటిదానికి టాక్స్ 10 లక్షలు, రెండోదానికి 15.75 లక్షలు. 25 లక్షల తేడా అక్కడికే 30.75 లక్షలైంది. ఇన్సూరెన్స్ తేడా దీనికి అదనం. 1% టీసీఎస్ (షోరూమ్ వాళ్లు మీ దగ్గర ముందే వసూలు చేసే ఇన్‌కం టాక్స్) కూడా కడతారు కానీ అది రిటర్ను వేసినప్పుడు సర్దుబాటు అవుతుంది, దాన్ని ఖర్చు కింద రాయొద్దు.

ఆ 30 లక్షలు లోన్ అయితే, 9% వడ్డీకి ఐదేళ్లలో తీర్చాలంటే నెలకి సుమారు 62 వేలు. ఇది కేవలం పెద్ద కారు కోసం అదనంగా కట్టే ఈఎంఐ.

ఇంకో సంగతి. మీ ఆయన పేరున ఇప్పటికే కారు ఉండి, కొత్తది కూడా ఆయన పేరునే కొంటే రెండో బండి అని మరో 2% పడుతుంది. మీ పేరున కారు లేకపోతే మీ పేరున తీసుకోండి.

2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద ఎస్‌యూవీల మీద జీఎస్టీ, సెస్ కలిపి 50% ఉన్నది 40%కి తగ్గింది. అందుకే పాత వీడియోల్లో చెప్పిన ధరలు నమ్మొద్దు, షోరూమ్ నుంచి కొత్త కొటేషన్ రాతపూర్వకంగా తీసుకోండి.

గోదారి గట్టు:
అమ్మా, మాది పాలకొల్లు. మీరు హైవే గురించే అడుగుతున్నారు కానీ భీమవరం దగ్గర పడ్డాక దారి ఎలా ఉంటుందో మీకు తెలుసు కదా. కాలవ గట్టు మీద ఎదురుగా ధాన్యం ట్రాక్టరు వస్తే ఎవరో ఒకరు మార్జిన్‌లోకి దిగాలి. ఎక్స్3 వెడల్పు అద్దాలు కలపకుండా 1,920 మిల్లీమీటర్లు, ఎక్స్1 1,845. ఏడున్నర సెంటీమీటర్లే కదా అనిపిస్తుంది. కాలవ పక్కన టైరు మట్టి అంచు మీద ఉన్నప్పుడు అది చాలా ఎక్కువ. నడిపే మనిషికి బండి అంచు ఎక్కడుందో అలవాటైతే పెద్దదైనా పర్లేదు, కాదనను. కానీ ఏడాదికి కొన్నిసార్లు వచ్చేవాళ్లకి ఆ అలవాటు రావడం కష్టం.

డిక్కీ మాత్రం పెద్దది కావాలి. తిరుగు ప్రయాణంలో బియ్యం బస్తా, ఆవకాయ జాడీలు, మామిడిపళ్ల బుట్ట పెట్టకుండా అత్తగారు పంపుతారా? ఎక్స్1 పెట్రోలుకి 476 లీటర్లు, డీజిల్‌కి 500. ఎక్స్3కి 570, జీఎల్‌సీకి 620.

డల్లాస్ తెలుగు:
ఒక్క మాట చెప్పి పోతాను. యూట్యూబ్‌లో అమెరికా రివ్యూలు చూసి నిర్ణయించుకోవద్దు. ఇక్కడ అమ్మే ఎక్స్1 2 లీటర్ల ఇంజన్, 241 హార్స్‌పవర్, నాలుగు చక్రాల డ్రైవ్. మీ దగ్గర అమ్మేది అది కాదు. ఇక్కడివాళ్లు "ఎక్స్1 ఎంత చురుగ్గా ఉందో" అంటే అది ఆ ఇంజన్ గురించి. మా అన్నయ్య విజయవాడలో కారు కొనేటప్పుడు నేను పంపిన వీడియోలు అందుకే ఏవీ పనికి రాలేదు.

వర్క్‌షాప్ మనిషి:
నేను జర్మన్ కార్ల మీద పని చేస్తాను, ఏ కంపెనీ తరఫునా కాదు. కొన్ని విషయాలు చెప్తాను, ఎంచుకోవడం మీ ఇష్టం.

మొదటిది డీజిల్. మీ వాడకం నల్లగండ్ల నుంచి గచ్చిబౌలి. అంటే ఇంజన్ పూర్తిగా వేడెక్కేలోపు ఆఫీసు వచ్చేస్తుంది. డీజిల్ కార్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది, డీపీఎఫ్ అంటాం. పట్టిన మసి కాలిపోవాలంటే సైలెన్సర్ లైన్ బాగా వేడెక్కాలి, కాసేపు ఆగకుండా వేగంగా నడవాలి. రోజూ చిన్న దూరాలే తిరిగితే ఆ కాలడం సగంలో ఆగిపోతూ ఉంటుంది, ఫిల్టర్ నిండి లైటు వెలుగుతుంది. వారానికోసారి ఓఆర్ఆర్ ఎక్కి అరగంట తిప్పే ఓపిక ఉంటే డీజిల్ తీసుకోండి. లేకపోతే పెట్రోలే. టార్క్ (లాగే బలం) బాగుంటుందని, మైలేజీ వస్తుందని డీజిల్ తీసుకుని సిటీలోనే తిప్పేవాళ్లు మా దగ్గరికి చాలామంది వస్తారు.

రెండోది టైర్లు. నాలుగు చక్రాల డ్రైవ్ ఉన్న కారులో ఒక టైరు పక్కగోడ చీలిందనుకోండి, చాలాసార్లు ఒక్కటి మార్చి ఊరుకోలేం. మిగతావి సగం అరిగి ఉంటే కొత్త టైరు చుట్టుకొలత వేరేగా ఉంటుంది, బలం పంచే గేర్‌బాక్స్ మీద ఎడతెగని ఒత్తిడి పడుతుంది. జతగానో, నాలుగూనో మార్చాల్సి వస్తుంది. పెద్ద కారుకి పెద్ద రిమ్ములు, ఖరీదైన టైర్లు. మన గుంతలకి పల్చటి టైరు పక్కగోడ ఆగదు. అందుకే వేరియంట్ ఎంచుకునేటప్పుడు ఒక సైజు చిన్న రిమ్ వచ్చేది ఉంటే అదే తీసుకోండి. చూడటానికి కాస్త తక్కువగా ఉంటుంది కానీ కుదుపు తగ్గుతుంది, మోకాలి నొప్పి ఉన్నవాళ్లకి అదే ముఖ్యం. స్టెప్నీ ఉందా, పంక్చర్ కిట్ మాత్రమేనా అన్నది డిక్కీ ఎత్తి మీ కళ్లతో చూడండి.

మూడోది గేర్‌బాక్స్. ఎక్స్1, జీఎల్ఏ పెట్రోలు, క్యూ3 అన్నిట్లోనూ డ్యూయల్ క్లచ్, అంటే రెండు క్లచ్‌లతో గేర్లు మార్చే ఆటోమేటిక్. ఎక్స్3లో టార్క్ కన్వర్టర్, అంటే క్లచ్ బదులు ఆయిల్ ద్వారా బలం అందించే ఆటోమేటిక్. బయోడైవర్సిటీ జంక్షన్ లాంటి చోట బ్రేకు వదులుతూ, పట్టుకుంటూ పాకే ట్రాఫిక్‌లో టార్క్ కన్వర్టర్ మెత్తగా ఉంటుంది. డ్యూయల్ క్లచ్‌తో అలా పాకించకుండా, ముందు కాస్త ఖాళీ వచ్చాక కదిలించడం అలవాటు చేసుకోవాలి.

భీమవరం కోడలు:
ఇంత వివరంగా రాసినందుకు చాలా థ్యాంక్స్ అందరికీ. డీజిల్ లిస్టులోంచి తీసేశాను.

గోదారి గట్టు గారు వెడల్పు సంగతి చెప్పాక నిన్న రాత్రి సెల్లార్‌లో సుద్దముక్కతో ఎక్స్1, ఎక్స్3 కొలతలు రెండూ నేల మీద గీశాం. మా స్లాట్ వెడల్పు 2.5 మీటర్లు. ఒక పక్క స్తంభం, రెండో పక్క ఎదురింటివాళ్ల కారు. ఎక్స్3ని సరిగ్గా మధ్యలో పెడితే రెండు పక్కలా తలా 29 సెంటీమీటర్లు మిగులుతోంది. ఎక్స్1 అయితే దాదాపు 33. కాగితం మీద పెద్ద తేడా లేదు. కానీ స్తంభం సరిగ్గా వెనక డోర్ దగ్గర పడుతోంది. కారు పొడుగు 4.75 మీటర్లు కావడంతో ముందుకి జరిపి పెట్టే వీలు కూడా లేదు. ఎక్స్1 నాలుగున్నర మీటర్లే కాబట్టి కాస్త ముందుకి లాగి, వెనక డోర్ స్తంభం దాటేలా పెట్టొచ్చు. ఇది గీసి చూడకపోతే తెలిసేది కాదు. మా ఆయన కూడా గీత చూసి కాసేపు మాట్లాడలేదు.

మణికొండ మలుపు:
పిల్లల్ని, పెద్దవాళ్లని స్లాట్‌లోకి వెళ్లకముందే దింపేస్తే సమస్య సగం పోతుంది. మేం అలాగే చేస్తాం. 360 కెమెరా మీరు తీసుకునే వేరియంట్‌లో ఉందో లేదో చూసుకోండి, అన్నిట్లో రాదు.

వెనక సీటు:
ఇంతమంది ఇన్ని చెప్పారు, నాకు మాత్రం మొదటి పోస్టు చదివినప్పటి నుంచి ఒకే ప్రశ్న. మీరు, మీ ఆయన, ఇద్దరు పిల్లలు, అత్తయ్యగారు, మావయ్యగారు. ఆరుగురు. మీ లిస్టులో ఉన్నవన్నీ ఐదు సీట్ల కార్లు. ఎక్స్1 కొన్నా, ఎక్స్3 కొన్నా ఆరో మనిషికి చోటు లేదు. నాలుగేళ్ల పాపని ఒళ్లో కూర్చోబెట్టుకుంటాం అనొద్దు దయచేసి. 120లో వెళ్తున్న కారు ఒక్కసారిగా ఆగితే ఒళ్లో పిల్లని ఎవరూ పట్టుకోలేరు. ఆ వయసుకి ఐసోఫిక్స్ (కారు సీటులోని కొక్కేలకి నేరుగా బిగించే) చైల్డ్ సీటు ఉండాల్సిందే.

మావయ్యగారు ముందు సీట్లో కూర్చుంటారు కదా? అలాగైతే వెనక లెగ్‌రూమ్ ఆయన కోసం చూడక్కర్లేదు. ఆయన కోసం చూడాల్సింది ముందు సీటు ఎంత వెనక్కి జరుగుతుంది, ఎక్కేటప్పుడు సీటు ఆయన నడుము ఎత్తుకి సమంగా ఉందా అని. కిందికి కూలబడేలా ఉండకూడదు, పైకి ఎగబాకేలా ఉండకూడదు. వెనక చూడాల్సింది వెడల్పు. ఒక చైల్డ్ సీటు, పక్కన అబ్బాయి, ఇంకో పక్క అత్తయ్యగారు. ముగ్గురు పట్టాలి. షోరూమ్‌కి చైల్డ్ సీటు తీసుకెళ్లి బిగించి, అత్తయ్యగారిని చీరలో కూర్చోబెట్టి చూడండి.

భీమవరం కోడలు:
మీరు అడిగింది నిజం. ఆరుగురం కలిసి దూరం వెళ్లడం తక్కువే. వాళ్లు వచ్చేటప్పుడు నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్‌లో వస్తారు, లింగంపల్లిలో దిగితే మాకు పక్కనే. మావయ్యగారికి రైల్లో బెర్తు మీద కాలు చాపుకునే వీలుంటుంది, అదే ఇష్టం కూడా. ఇబ్బందల్లా వాళ్లు ఇక్కడున్నప్పుడు యాదాద్రికో, చుట్టాలింటికో అందరం కలిసి వెళ్లాల్సి వస్తే. మావయ్యగారు ఎప్పుడూ ముందు సీట్లోనే.

సిద్దిపేట సవారీ:
అక్కా, లోగో పక్కన పెట్టగలిగితే స్కోడా కొడియాక్ ఒకసారి చూడండి. 2025లో కొత్త తరం వచ్చింది. 2 లీటర్ల పెట్రోలు, 204 హార్స్‌పవర్, నాలుగు చక్రాల డ్రైవ్, ఏడు సీట్లు. పొడుగు ఎక్స్3 అంతే కానీ వెడల్పు 1,864 మిల్లీమీటర్లే. చివరి వరసలో పెద్దవాళ్లు కూర్చోలేరు, మీ తొమ్మిదేళ్ల బాబు హాయిగా కూర్చుంటాడు. ధర మీ 60 బడ్జెట్‌కి దగ్గర్లోనే ఉంటుంది. ఆరుగురు అన్న మాట తేలాక నాకు ఇదే సరైన కారు అనిపిస్తోంది.

ఓఆర్ఆర్ 158:
కొడియాక్ మంచి బండే, కానీ ఆవిడ అడిగింది లగ్జరీ. లోపల నిశ్శబ్దం, సీట్లు, తలుపు వేస్తే వచ్చే గట్టితనం, ఇవి కావాలనే కదా క్రెటా నుంచి మారుతున్నారు. ఏడాదిలో కొద్దిరోజుల కోసం మిగతా రోజుల సుఖం వదులుకోవద్దు. ఆ కొద్దిరోజులకి డ్రైవర్‌తో ఇన్నోవా మాట్లాడుకోండి.

సెకండ్ హ్యాండ్ సంగతులు:
కొత్త ఎక్స్1 డబ్బుకి మూడేళ్ల జీఎల్‌సీ వస్తుంది, ఎవరూ అనలేదేంటి? ఇన్సూరెన్స్ వాళ్ల ఐడీవీ (పాలసీలో కారుకి కట్టే విలువ) లెక్కే చూడండి. రెండు నుంచి మూడేళ్ల మధ్య కారుకి 30% తరుగు, నాలుగు నుంచి ఐదేళ్లకి 50%. లగ్జరీ కార్లకి మార్కెట్లో ధర ఇంతకంటే వేగంగా పడుతుంది. అమ్మేవాళ్లకి అది నష్టం, కొనేవాళ్లకి లాభం. తెలంగాణ రిజిస్ట్రేషన్ బండి అయితే లైఫ్ టాక్స్ మొదటి ఓనరే కట్టేశాడు, మీరు మళ్లీ కట్టక్కర్లేదు. పైన లెక్కల గారు చెప్పిన 15 లక్షలు అక్కడే మిగిలాయి. కంపెనీల సొంత సెకండ్ హ్యాండ్ విభాగాల్లో వారంటీతో ఇస్తారు.

ఢిల్లీ నంబరు బండ్లు చవగ్గా కనిపిస్తాయి, వాటి జోలికి వెళ్లకండి. అక్కడ డీజిల్‌కి పదేళ్లు, పెట్రోలుకి పదిహేనేళ్ల పరిమితి భయం ఉంది కాబట్టి చవక. అక్కడి ఆర్టీవో నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చి, ఇక్కడ టాక్స్ కట్టేసరికి మిగిలేది చాలా తక్కువ.

వర్క్‌షాప్ మనిషి:
సెకండ్ హ్యాండ్ తీసుకుంటే సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి. వరదలో మునిగిన కారులో కార్పెట్ మారుస్తారు, సీట్లు కడుగుతారు, బెల్టు లోపలి చివర మట్టి గీత మర్చిపోతారు. వాన నీళ్లు నిలిచే కాలనీలు మన ఊళ్లో చాలా ఉన్నాయి. సర్వీస్ రికార్డు మొత్తం కంపెనీ సిస్టమ్‌లో ఉంటుంది, అది చూపించనివాళ్ల దగ్గర కొనొద్దు. వారంటీ అయిపోయిన పెద్ద కారుకి ఎయిర్ సస్పెన్షన్ ఉంటే దాని పరీక్ష విడిగా చేయించండి.

తాడేపల్లి టర్బో:
మేడమ్, మావయ్యగారి పేరున భీమవరంలో రిజిస్టర్ చేయిస్తే తెలంగాణ కొత్త టాక్స్ తప్పుతుంది కదా?

కారు లెక్కలు:
తప్పదండి. వేరే రాష్ట్రం బండి ఇక్కడ 12 నెలలు దాటి ఉంటే రిజిస్ట్రేషన్ ఇక్కడికి మార్చాలని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ చెప్తోంది. అప్పుడు ఇక్కడ టాక్స్ కట్టాలి, అక్కడ కట్టింది వెనక్కి తెచ్చుకోవడానికి తిరగాలి. పైగా ఓనరు ఒకరు, నడిపేది ఇంకొకరు, క్లెయిమ్ వచ్చినప్పుడు ప్రతి సంతకానికి భీమవరం పరిగెత్తాలి. కారు ఎక్కడ తిరుగుతుందో అక్కడే రిజిస్టర్ చేయించుకోవాలి.

వోల్టు:
టాక్స్ సంగతే అయితే అసలు మార్గం వేరే ఉంది. బీఎండబ్ల్యూ ఐఎక్స్1 లాంగ్ వీల్‌బేస్. ఎక్స్1 కారునే ఎలక్ట్రిక్ చేసి పొడిగించారు, చెన్నై ప్లాంటులో తయారవుతుంది. 2025 జనవరిలో 49 లక్షలకి విడుదల చేశారు. ఎలక్ట్రిక్ కాబట్టి జీఎస్టీ 5%. తెలంగాణలో ఎలక్ట్రిక్ కార్లకి 2026 డిసెంబరు 31 దాకా రోడ్డు టాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు రెండూ లేవు. 49 లక్షల పెట్రోలు కారుకి 20% అంటే 9.8 లక్షలు కట్టాలి, దీనికి సున్నా.

మీ ప్రశ్నకి ఇదే ఎందుకు సరిపోతుందంటే, మామూలు ఎక్స్1 వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 2,692 మిల్లీమీటర్లు, ఎక్స్3ది 2,865. దీనిది 2,800. అంటే వెనక కాళ్ల దగ్గర చోటు ఎక్స్3కి దగ్గరగా వస్తుంది, వెడల్పు మాత్రం ఎక్స్1దే. పొడుగు 4.62 మీటర్లు. 204 హార్స్‌పవర్, ముందు చక్రాల డ్రైవ్. బ్యాటరీ 66.4 యూనిట్లు, కాగితం మీద 531 కిలోమీటర్లు. హైవేలో 100లో వెళ్తే 400 దగ్గర్లో లెక్క వేసుకోండి, అది కూడా జాగ్రత్తగా. భీమవరం మీకు సుమారు 400 కాబట్టి దారిలో ఒక చార్జింగ్ తప్పదు. సూర్యాపేటలో టిఫిన్‌కి ఎలాగూ ఆగుతారు. ఫాస్ట్ చార్జర్ పూర్తి శక్తి ఇస్తే 10 నుంచి 80% అరగంటలో అవుతుంది, అన్ని చోట్లా ఆ శక్తి రాదు. అక్కడ భీమవరం ఇంట్లో 16 యాంపుల సాకెట్ ఉంటే రాత్రంతా పెట్టుకోవచ్చు, ఖాళీ బ్యాటరీ పూర్తిగా నిండాలంటే మాత్రం 20 గంటలు దాటుతుంది.

ట్రాఫిక్‌లో గేర్‌బాక్స్ గొడవ లేదు, డీపీఎఫ్ లేదు, మూడు సిలిండర్ల మాటే లేదు.

గోదారి గట్టు:
సంక్రాంతికి హైదరాబాద్ మొత్తం విజయవాడ హైవే ఎక్కుతుంది. పంతంగి టోల్ దగ్గర కిలోమీటర్ల కొద్దీ బారులు. ఆ రోజుల్లో చార్జింగ్ స్టేషన్ దగ్గర కూడా బారులే. మిగతా ఏడాదంతా పర్లేదు కానీ, మీరు వెళ్లేదే పండగలకి. అది ఆలోచించుకోండమ్మా.

వోల్టు:
నిజమే. పండగ రోజుల్లో చీకటితో బయల్దేరాలి, సగం ఉండగానే ఖాళీగా కనిపించిన చార్జర్ దగ్గర పెట్టేయాలి. సున్నాకి దగ్గరయ్యేదాకా ఆగకూడదు.

భీమవరం కోడలు:
ఈ వారం అత్తయ్యగారు వాళ్లు వచ్చారు. అందరం వెళ్లి కూర్చుని చూశాం. వెనక సీటు గారు చెప్పినట్టు చైల్డ్ సీటు కూడా తీసుకెళ్లాం. షోరూమ్ వాళ్లు ముందు కాస్త ఆశ్చర్యపోయినా బిగించనిచ్చారు.

ఎక్స్3 చాలా బాగుంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. వెనక తొడల కింద సీటు బాగా ఆనుతుంది, ముగ్గురు పట్టారు. మావయ్యగారు ముందు సీట్లో తేలిగ్గానే ఎక్కారు. అత్తయ్యగారికి మాత్రం మెట్టు ఎత్తుగా అనిపించింది, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని ఎక్కాల్సి వచ్చింది. నేను నడిపినప్పుడు రోడ్డు మీద ఏ ఇబ్బందీ లేదు. యూ-టర్న్ దగ్గర మాత్రం ముందు భాగం ఎక్కడ ఆగుతుందో అంచనా అందలేదు.

జీఎల్‌సీ సీట్లు అన్నిటికంటే మెత్తగా అనిపించాయి. క్యూ3 190 హార్స్‌పవర్ కదా, చిన్నవాటిలో పికప్ దానిదే. వెనక సీటు ముందుకి, వెనక్కి జరుగుతుంది. కానీ మధ్యలో నేల ఎత్తుగా ఉంది, మా వాడు కాళ్లు రెండు పక్కలా పెట్టుకోవాల్సి వచ్చింది. జీఎల్ఏలో చైల్డ్ సీటు బిగించాక అత్తయ్యగారికి చోటు సరిపోలేదు, దాన్ని తీసేశాం. ఎక్స్1 పెట్రోలు ఆగి ఉన్నప్పుడు స్టీరింగ్‌లో చిన్న వణుకు తెలుస్తుంది, కదిలాక గుర్తుండదు. నా ఆఫీసు దారికి ఆ ఇంజన్ చాలు.

ఐఎక్స్1 పొడవుది వెనక నిజంగానే విశాలం. సీటు వెనక్కి వాలుతుంది. ఒక లోపం గమనించాం. బ్యాటరీ కింద ఉండటం వల్ల నేల ఎత్తుగా ఉంది, పొడుగు కాళ్లవాళ్లు వెనక కూర్చుంటే మోకాళ్లు పైకి లేస్తాయి. మావయ్యగారిని కావాలనే వెనక కూడా కూర్చోబెట్టి చూశాం, కాలు ముందుకి చాపుకుంటే బాగుంది, మామూలుగా పెడితే ఇబ్బంది అన్నారు. ఆయన ముందే కూర్చుంటారు కాబట్టి మాకు అది అడ్డు కాదు. అత్తయ్యగారు ఎత్తు తక్కువ, ఆవిడకి అన్నిటికంటే ఇదే నచ్చింది.

ఇంటికొచ్చాక మా ఆయనే అన్నారు, క్రెటా అమ్మొద్దు అని. దానికి ఇప్పుడు వచ్చే డబ్బు ఎంతో కాదు, ఆరుగురం వెళ్లాలంటే రెండు కార్లలో వెళ్దాం, సంక్రాంతి రద్దీలో భీమవరం క్రెటాలోనే వెళ్దాం అని. అది విన్నాక నాకు సగం టెన్షన్ తగ్గింది. కొత్త కారు రోజువారీ పనికి, నేను నడపడానికి సరిపోతే చాలు. కాబట్టి మిడ్‌సైజ్ ఆలోచన ఇక్కడితో వదిలేస్తున్నాం. ఎక్స్1 పెట్రోలు, ఐఎక్స్1 ఈ రెండే మిగిలాయి.

ఓఆర్ఆర్ 158:
రెండో కారు ఇంట్లోనే ఉంటుందంటే నేనూ ఒప్పుకుంటున్నాను. ఒక్క కారే అయితే ఇప్పటికీ ఎక్స్3 అనే అంటాను. అసలు మీ ఇంటికి ఒక్క కారా, రెండా అన్నది ముందే తేలి ఉంటే ఈ చర్చ చాలా భాగం వేరేగా నడిచేది.

వెనక సీటు:
చైల్డ్ సీటు బిగించి చూసినందుకు సంతోషం. రెండిట్లో ఏది తీసుకున్నా వెనక కూర్చున్న అత్తయ్యగారు కూడా బెల్టు పెట్టుకునేలా చూడండి. మన ఇళ్లలో పెద్దవాళ్లు ఆ ఒక్కటీ వినరు.

కారు లెక్కలు:
ఎక్స్1 క్రెటాతో పాటు తీసుకుంటే రెండో కారు 2% మాట గుర్తుంది కదా, మీ పేరున తీసుకోండి. ఐఎక్స్1కి ఆ గొడవ లేదు, కానీ మినహాయింపు గడువు లోపల రిజిస్ట్రేషన్ పూర్తవ్వాలి. బుకింగ్ చేసిన తేదీ లెక్కలోకి రాదు. డెలివరీ ఎప్పుడో రాసి ఇవ్వమనండి.

మణికొండ మలుపు:
ఎలక్ట్రిక్ అయితే ముందు మీ అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌తో మాట్లాడండి. కారు బుక్ చేశాక అడిగితే ఆలస్యం అవుతుంది. మా దగ్గర ఒకాయన కారు ఇంటికొచ్చాక నెలల తరబడి చార్జింగ్ పాయింట్ కోసం మీటింగులు తిరిగారు.

వోల్టు:
రెండు పద్ధతులున్నాయి. మీ ఫ్లాట్ మీటరు నుంచి మీ స్లాట్‌కి విడిగా లైన్ లాగించుకోవడం ఒకటి. విద్యుత్ సంస్థ నుంచి ఎలక్ట్రిక్ వాహనాల కోసం వేరే మీటరు తీసుకోవడం రెండోది, దానికి టారిఫ్‌లో ప్రత్యేక కేటగిరీ ఉంది. ఇంటి మీటరు మీదే వాడితే నెల బిల్లు పై స్లాబులోకి వెళ్తుంది, అది లెక్కలో పెట్టుకోండి. 11 కిలోవాట్ల చార్జర్ పెట్టాలంటే త్రీ ఫేజ్ కావాలి. మీరు రోజూ తిరిగే దూరానికి అంత అక్కర్లేదు, 16 యాంపుల సాకెట్‌కి విడి ఎంసీబీ (లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్), మంచి ఎర్తింగ్ ఉంటే రాత్రికి సరిపోతుంది. ఎలక్ట్రీషియన్‌ని తీసుకెళ్లి మీటరు గది నుంచి స్లాట్ దాకా కేబుల్ పొడుగు కొలిపించండి. ఖర్చంతా అక్కడే ఉంటుంది.

భీమవరం కోడలు:
అసోసియేషన్ సెక్రటరీ గారితో ఇవాళ మాట్లాడాను. మాకంటే ముందు ఇద్దరు అడిగారట, అందుకని ముగ్గురికీ కలిపి ఒకేసారి కేబుల్ ట్రే వేయిద్దాం, ఖర్చు పంచుకోండి అన్నారు. ఆదివారం మీటింగులో పెడతారు. ఎలక్ట్రీషియన్ శనివారం వచ్చి కొలతలు తీసుకుంటాడు.

మీటింగులో ఒప్పుకుంటే ఐఎక్స్1, ఒప్పుకోకపోతే ఎక్స్1 పెట్రోలు. మా ఆయన, నేను ఇద్దరం దీనికి కట్టుబడ్డాం. ఎక్స్1కి కొటేషన్ రాతపూర్వకంగా తెచ్చుకున్నాం, ఐఎక్స్1కి డెలివరీ తేదీ అడిగాం. వోల్టు గారూ, సాకెట్‌కి కేబుల్ ఎంత మందం వేయించాలో, మీటరు గదిలో ఎలాంటి బ్రేకర్ పెట్టించాలో చెప్తే ఎలక్ట్రీషియన్‌కి చూపిస్తాను.

వోల్టు:
మీటరు గది నుంచి స్లాట్‌కి దూరం ఎంతుందో శనివారం కొలిచాక ఇక్కడ రాయండి. దూరం పెరిగేకొద్దీ మందం మారుతుంది, అందుకే ఊహించి చెప్పను. ఈలోగా ఒకటి మాత్రం ఎలక్ట్రీషియన్‌కి చెప్పి ఉంచండి. కరెంటు లీకైతే కట్ చేసే ఆర్‌సీసీబీ లేకుండా సాకెట్ పెట్టొద్దు. సెల్లార్‌లో వాన నీళ్లు వస్తాయి కాబట్టి సాకెట్ నేలకి కనీసం నడుము ఎత్తున ఉండాలి, దానికి మూత ఉండాలి.